రవ్వను పట్టే పుట్టగొడుగు

తెలుగులో నిప్పు వేరు, మంట వేరు. పొయ్యిలో ఎండుకట్టె మీద నాలుకలు చాస్తూ పైకి లేచేది మంట. ఆ మంట ఆరిపోయిన తరువాత బూడిద అడుగున ఎర్రగా కనలుతూ ఉండేది నిప్పు. నివురు గప్పిన నిప్పు అనే మాట ఉన్నది గాని, నివురు గప్పిన మంట అనే మాట లేదు. క్రియలలోనూ ఈ తేడా కనిపిస్తుంది. నిప్పు రాజుకొంటుంది, మంట లేస్తుంది.

ఈ భేదం మాటలకు మాత్రమే సంబంధించినది కాదు. కట్టె వేడెక్కినప్పుడు దానిలోనుండి కొన్ని ఆవిరులు వెలువడతాయి. అవి గాలితో కలిసి మండడమే మంట. ఆవిరులన్నీ పోయిన తరువాత మిగిలిన బొగ్గు, తన పైపొరను తాకే గాలిలోని ఆమ్లజనితో నెమ్మదిగా కలుస్తూ కనలడమే నిప్పు. మంటకు చాలా గాలి కావాలి, చాలా వంటచెరకు కావాలి. నిప్పుకు కొద్దిపాటి గాలి చాలును. అందువల్ల మంటను చేతపట్టుకొని నాలుగు కోసుల దూరం నడవడం కష్టం, నిప్పును తీసుకొని వెళ్ళడం సాధ్యం. అగ్గిపుల్ల పుట్టకముందు మానవుడు వేల సంవత్సరాలపాటు చేసిన పని ఇదే. ముందు నిప్పును పుట్టించుకొనేవాడు, దానిని దాచుకొనేవాడు, కావలసినప్పుడు మంట చేసుకొనేవాడు.

ఆదిమానవుడు రెండు రాళ్ళను ఒకదానితో ఒకటి కొట్టి మంట చేస్తున్నట్లు చిన్న తరగతుల పుస్తకాలలో బొమ్మ ఉంటుంది. ఈ బొమ్మను నమ్మి ఏటి ఒడ్డున గులకరాళ్ళతో ప్రయత్నించని పిల్లవాడు అరుదు. చీకటిలో రెండు తెల్లని పలుగురాళ్ళను గట్టిగా రాపిడి చేస్తే నిజంగానే మెరుపు కనిపిస్తుంది, కాలిన వాసన కూడా వస్తుంది. కాని దాని పక్కన ఎంత మెత్తని దూది పెట్టినా అది అంటుకోదు. ఆ మెరుపులో వెలుగే గాని కాల్చగల వేడి లేదు. పుస్తకంలోని బొమ్మ సగమే నిజం. రెండు రాళ్ళలో ఒకటి మామూలు రాయి కాకూడదు. మరొక ముఖ్యమైన వస్తువు ఆ బొమ్మలో అసలే కనిపించదు. దానిని గురించి తెలుసుకోవడానికి ముందు తిరువళ్ళూరు జిల్లాలోని ఒక ఊరి రాళ్ళను చూడాలి.

పూండి జలాశయానికి కొద్ది దూరంలో, కుశస్థలి నదికి చేరువగా అత్తిరంపాక్కం అనే గ్రామం ఉన్నది. తమిళంలో ఈ నదిని కొసస్తలై ఆఱు అంటారు. భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న పల్లవరంలో మానవుడు చెక్కిన ఒక రాతి పనిముట్టును గుర్తించాడు. అదే ఏడాది సెప్టెంబరు చివరిలో ఆయన, విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కం వచ్చినప్పుడు అటువంటి పనిముట్లు ఎన్నో దొరికాయి. చేతి గొడ్డళ్ళు, గీకుడు రాళ్ళు మొదలైనవన్నీ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతితో చేసినవి. తరువాత శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ అనే పురాతత్త్వవేత్తలు అక్కడ ఏళ్ళ తరబడి తవ్వకాలు జరిపారు. 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం అడుగు పొరలలోని పనిముట్ల వయస్సు సుమారు 15 లక్షల సంవత్సరాలు. వాటికి పైనున్న పొరలలో పనిముట్లు చేసే పద్ధతి మారింది. ఆ మార్పు సుమారు 3 లక్షల 85 వేల సంవత్సరాల కిందట మొదలైనదని 2018లో తేల్చారు. ఆ పనిముట్లలో కొన్నిటిని పూండిలోని పురావస్తు ప్రదర్శనశాలలో చూడవచ్చు. అక్కడికి దగ్గరలోనే గుడియం కొండలలో ఆ కాలపు మనుషులు తలదాచుకొన్న రాతి గుహలు ఉన్నాయి.

రాయి 15 లక్షల సంవత్సరాలు నిలుస్తుంది. నిప్పు పుట్టించడానికి వాడిన మెత్తని వస్తువు ఒక్క వానకాలం కూడా నిలవదు. అందువల్ల నిప్పు చరిత్రను పరిశోధించేవారికి మట్టిలో దొరికే ఆధారాలు చాలా తక్కువ. ఎండవానల దెబ్బ తగలని గుహలలో మాత్రం బూడిద, కాలిన ఎముకలు, ఎర్రగా కాలిన మట్టి అప్పుడప్పుడు మిగులుతాయి. దక్షిణ ఆఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో 10 లక్షల సంవత్సరాల నాటి మంట గుర్తులు ఉన్నట్లు 2012లో తెలిసింది. బేతంచెర్ల ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో సుమారు 17 వేల సంవత్సరాల నాటి పొయ్యి ఆనవాలు దొరికింది. గవి అంటే గుహ. కాని మంట ఉండడం వేరు, దానిని పుట్టించడం వేరు. పిడుగు పడి అంటుకొన్న చెట్టునుండి కొరివి తెచ్చుకొన్నా పొయ్యి మండుతుంది గదా! పుట్టించారని చెప్పడానికి పుట్టించిన సాధనం కనబడాలి. ఇంగ్లండులోని బార్నమ్ అనే చోట సుమారు 4 లక్షల సంవత్సరాల నాటి కాలిన మట్టి పక్కన పైరైట్ అనే ఖనిజపు ముక్కలు రెండు దొరికినట్లు 2025లో ప్రకటించారు. ఆ ఖనిజం ఆ చుట్టుపక్కల సామాన్యంగా దొరకదు. ఎక్కడినుండో పనిగట్టుకొని తెచ్చుకొన్నారన్న మాట.

పైరైట్ ఇత్తడిలాగా పచ్చగా మెరిసే రాయి. దానిలో ఇనుము, గంధకం కలిసి ఉంటాయి. గట్టి రాతితో దీనిని కొట్టినప్పుడు సన్నని పొడి రాలుతుంది. రాపిడికి వేడెక్కిన ఆ పొడి గాలి తగలగానే మండుతుంది. అదే నిప్పురవ్వ. పుస్తకంలోని బొమ్మలో ఉండవలసిన రెండవ రాయి ఇదే. ఇనుమును కరిగించడం నేర్చిన తరువాత పైరైటుకు బదులు ఉక్కుముక్క వచ్చింది. గట్టి రాతి అంచుతో ఉక్కును గీచినప్పుడు ఉక్కే సన్నని రజనుగా తెగి, మండుతూ పడుతుంది. చాలామంది రవ్వ రాతినుండి వస్తుందని అనుకొంటారు. నిజానికి మండేది ఉక్కు, రాయి దానిని గీరుతుంది, అంతే. అత్తిరంపాక్కం ఏటిలోని క్వార్ట్‌జైట్ రాతికి కూడా ఉక్కును గీరే గట్టిదనం ఉన్నది. కాని ఆ పనిముట్లు చేసినవారి కాలానికి ఉక్కు లేదు.

ఈ రాతినే తెలుగులో చెకుముకి రాయి అంటారు. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల పిల్లలకు చక్కిముక్కి కల్ అనే తమిళ మాట కూడా తెలిసే ఉంటుంది. రెండూ తోబుట్టువులే. తురుష్క భాషలోని చక్మక్ అనే పదం పారసీకం, ఉర్దూల మీదుగా దక్షిణానికి వచ్చి, ఒక్కొక్క భాష నోట ఒక్కొక్క రూపం పొందింది. సిపాయిల సంచులలోను, బాటసారుల మొలత్రాళ్ళ వద్దను ఒకప్పుడు చెకుముకి సామాను ఉండేది. అందులో మూడు వస్తువులు ఉండేవి. రాయి, ఉక్కుముక్క, దూది. మూడవదే పుస్తకాల బొమ్మలో కనిపించని వస్తువు.

రవ్వ ఆయుష్షు రెప్పపాటు. అందులోని వేడి కూడా బహు స్వల్పం. అరచేతి మీద పడితే చురుక్కుమంటుంది గాని బొబ్బ లేవదు. అటువంటి రవ్వ ఎండుకట్టె మీద పడితే కట్టె వేడెక్కకముందే చల్లారిపోతుంది. ఎండుగడ్డి మీద పడినా సాధారణంగా అంతే. కనుక రవ్వ పడగానే దానిని పట్టుకొని, ఆరిపోనీయకుండా పెంచే పదార్థం కావాలి. అది బాగా ఎండినదై ఉండాలి. దాని పోగులు అతి సన్ననివై, నడుమ గాలి నిండి ఉండాలి. వేడిని చుట్టుపక్కలకు పారనీయక అక్కడే నిలపాలి. అన్నిటికంటె ముఖ్యంగా, అది భగ్గున మండిపోకుండా నిదానంగా కనలాలి. భగ్గున మండితే రెండు క్షణాలలో బూడిద మిగులుతుంది. కనలితే పుల్లలు, ఆకులు తెచ్చి పేర్చుకొనేందుకు వ్యవధి దొరుకుతుంది. ఇన్ని గుణాలు ఒకచోట కలిసిన వస్తువులు ప్రకృతిలో ఎన్నో లేవు. వాటిలో మొదట చెప్పుకోవలసినది చెట్టు మీద మొలిచే ఒక పుట్టగొడుగు.

1991 సెప్టెంబరు 19న ఆస్ట్రియా, ఇటలీ దేశాల సరిహద్దులో, ఆల్ప్స్ పర్వతాలమీద 3,200 మీటర్లకు పైగా ఎత్తున నడుస్తున్న ఇద్దరు యాత్రికులకు మంచులో సగం కూరుకొని ఉన్న ఒక శవం కనిపించింది. ఎవరో ఇటీవల దారితప్పి చనిపోయినవాడే అనుకొన్నారు. పరీక్షించగా ఆ మనిషి సుమారు 5,300 సంవత్సరాల కిందటివాడని తేలింది. మంచు మూసివేయడంతో అతని దేహమే గాక బట్టలు, విల్లు, రాగి గొడ్డలి, నడుముకు కట్టుకొన్న తోలుసంచి కూడా చెడకుండా నిలిచాయి. ఆ కొండలోయ పేరును బట్టి అతనికి ఓట్జి అని పేరు పెట్టారు. ఇప్పుడతడు ఇటలీలోని బొల్జానో నగరపు ప్రదర్శనశాలలో ఉన్నాడు.

అతని తోలుసంచిలో చెకుముకిరాతి పెచ్చు, ఎముక సూది మొదలైన వాటితోపాటు నల్లని మెత్తని ముద్ద ఒకటి ఉన్నది. అది ఫోమీస్ ఫోమెంటారియస్ అనే పుట్టగొడుగు లోపలి భాగం. దాని పోగులలో పైరైట్ కణాలు చిక్కుకొని కనిపించాయి. అంటే అతడు ఆ ముద్ద మీదనే రవ్వలు రాల్చేవాడు. అంతటితో ఆగలేదు. భూర్జ వృక్షపు బెరడుతో కుట్టిన రెండు డబ్బాలలో ఒకదాని లోపలివైపు మసిబారి ఉన్నది. అందులో మేపుల్ చెట్టు ఆకులు, వాటిలో బొగ్గు తునకలు ఉన్నాయి. పచ్చి ఆకులలో నిప్పుకణికలను చుట్టి, ఆ డబ్బాలో పెట్టుకొని అతడు కొండలు ఎక్కేవాడని శాస్త్రజ్ఞులు గ్రహించారు. నిప్పును పుట్టించే సామాను ఉండి కూడా, పుట్టిన నిప్పును మోసుకొని తిరిగాడు. మంచుకొండలలో తడిసిన చేతులతో రవ్వ కొట్టి కూర్చోవడం ఎంత కష్టమో అతనికి తెలుసు. నిప్పు ఆరితే ఆ రాత్రి తెల్లవారకపోవచ్చు.

ఈ పుట్టగొడుగు వానకు పుట్టమీద లేచే గొడుగు వంటిది కాదు. కాడ ఉండదు. మాను పక్కనుండి గుర్రపు గిట్ట ఆకారంలో బయటికి పొడుచుకొని వస్తుంది. చల్లని దేశాలలో భూర్జ, బీచ్ చెట్లమీద ఏళ్ళ తరబడి పెరుగుతుంది. పూర్వం మనదేశంలో గ్రంథాలు రాసుకొన్న భూర్జపత్రం హిమాలయాలలోని భూర్జ వృక్షపు బెరడే. పుట్టగొడుగు పైన రాయిలాంటి బూడిదరంగు పెంకు, అడుగున సన్నని గొట్టాల వరుసలు ఉంటాయి. ఈ రెండింటి నడుమ తోలువలె మెత్తగా ఉండే గోధుమరంగు పొర ఒకటి ఉంటుంది. పనికి వచ్చేది ఆ పొర మాత్రమే.

యూరప్ దేశాలలో ఈ పొరను పలుచగా కోసి, నీటిలో నానబెట్టి, సుత్తితో సాగగొట్టి, బూడిదనీటిలో గాని సూరేకారపు నీటిలో గాని ఉడికించి ఎండబెట్టేవారు. సూరేకారం తుపాకిమందులో పడే వస్తువు. వేడి తగిలినప్పుడు తనలోని ఆమ్లజనిని విడుదల చేస్తుంది గనుక కనలడానికి తోడ్పడుతుంది. ఇలా తయారైన సరుకు చూడడానికి మెత్తని తోలుముక్కలాగా ఉండేది. జర్మనీలోని ఉల్మ్ నగరం ఒకప్పుడు ఈ వ్యాపారానికి పేరుపొందింది. అగ్గిపెట్టెలు వచ్చి ఆ వ్యాపారం అంతరించింది. కాని రుమేనియా దేశంలో కొరొండ్ అనే గ్రామంవారు నేటికీ ఆ పొరను సాగగొట్టి టోపీలు, సంచులు చేస్తున్నారు. నిప్పుకు పడకగా ఉండవలసినది తలమీదికి ఎక్కింది!

పుట్టగొడుగే ఎందుకు ఇంత బాగా కనలుతుంది? దాని శరీరం నూలుపోగుల కంటె ఎన్నో రెట్లు సన్నని తంతువుల అల్లిక. తంతువుల నడుమ గాలి ఉంటుంది. కాని ఆ గాలి అటూ ఇటూ వేగంగా కదలలేదు. అందువల్ల నిప్పు ఆరదు, మంటగా లేవదు. ఒక అంచున మొదలైన ఎరుపు, పొగచుట్ట కాలినట్లు, లోపలి వైపుకు మెల్లగా పాకుతుంది. గట్టి ముక్క అయితే గంటల తరబడి అలాగే ఉంటుంది. పూర్వం బడ్డీకొట్ల గుంజలకు కొబ్బరితాడు వేలాడదీసి దాని కొసకు నిప్పు ముట్టించి ఉంచేవారు. బీడీ ముట్టించుకొనేవారికి అది రోజంతా సరిపోయేది. ఆ తాడు పనితీరు, ఈ పుట్టగొడుగు పనితీరు ఒకటే.

గిట్ట ఆకారపు ఈ రకం తిరువళ్ళూరు మైదానంలో పెరగదు. దాని చుట్టాలు మాత్రం ఉన్నాయి. ముసలి వేపమాను మొదట, చింతమాను తొర్రవద్ద అరలు అరలుగా పెరిగి, పైన వార్నిష్ పూసినట్లు ఎర్రగా మెరిసేది గానోడెర్మా. ఇది కొబ్బరిచెట్టు మొదట కనిపిస్తే రైతు గుండె జారుతుంది. వేళ్ళను, మొదలును కుళ్ళబెట్టి చెట్టును చంపే తెగులుకు కారణం ఇదే. 1952 తుఫాను తరువాత తంజావూరు ప్రాంతంలో ఈ తెగులు బయటపడినందున దానికి తంజావూరు వాడు తెగులని పేరు వచ్చింది. ఎండుకొమ్మల మీద బొగ్గు ఉండలలాగా నల్లగా, గుండ్రంగా పెరిగే డాల్డీనియా అనే శిలీంధ్రం మరొకటి. దానిని విరిస్తే లోపల ఉల్లిపాయ కోసినట్లు వలయాలు కనిపిస్తాయి. యూరప్‌లో పెరిగే దీని జాతివాటిని ఏ తయారీ లేకుండా, ఎండబెట్టి నేరుగా రవ్వ పట్టడానికి వాడేవారు. ఒక్కసారి అంటుకొంటే అది బొగ్గులాగే కనలుతుంది. పేరు తెలియని పుట్టగొడుగును నోట పెట్టరాదు. ఎండాకాలంలో అడవి అంచున నిప్పు పరీక్షలు అసలే పనికిరావు. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండలలో లేచిన కార్చిచ్చు 20 మందికి పైగా యాత్రికుల ప్రాణాలు తీసింది.

దక్షిణాది మైదానాలలో రవ్వ పట్టే పనిని ఎక్కువగా చెట్ల దూదులు చేశాయి. పత్తిచేను ఉన్నచోట పత్తిదూది, అడవిలో బూరుగు దూది. తూర్పు కనుమలలో కల్లు గీసే జీలుగు చెట్టు మట్టల మొదట గోధుమరంగు నూగు ఉంటుంది. దానిని గీకి తీసి ఎండబెడితే అది పుట్టగొడుగు పొరకు ఏమాత్రం తీసిపోదు. దూదిని ముందుగా కొంచెం కాల్చి, మసిబారిన తరువాత గాలి తగలకుండా నలిపి ఆర్పి దాచుకోవడం మరొక ఉపాయం. మామూలు దూదికంటె బొగ్గుగా మారిన దూది రవ్వను త్వరగా పట్టుకొంటుంది. ఒకసారి కాలి ఆరిన వత్తి సులువుగా ముట్టుకోవడం దీపం వెలిగించే ప్రతి ఇంటిలోను చూసేదే.

బొగ్గుకు ఉన్న ఈ గుణాన్ని తమిళనాడు ఉత్తర జిల్లాల పిల్లలు ఆటగా మార్చుకొన్నారు. కార్తీక దీపాల పండుగకు పోతుతాటి పూగెలలను కోసి ఎండబెట్టి, గుంటలో కాల్చి, మంట లేస్తుండగా మట్టి కప్పి బొగ్గు చేస్తారు. దానిని మెత్తగా నూరి, పాత నూలుగుడ్డలో పొడుగ్గా పోసి, దారంతో చుట్టి, చీల్చిన తాటిమట్టల నడుమ బిగించి, తాడు కట్టి, కొసకు నిప్పు అంటించి గిరగిర తిప్పుతారు. తిప్పినకొద్దీ గాలి తగిలి రవ్వలు పూలవానలాగా రాలుతాయి. దీనిని తమిళంలో మావలి అంటారు. బాణసంచా అంగడిలో కొన్నవి ఎన్ని ఉన్నా దీని అందం దీనిదే. తాటిపూల బొగ్గు ఎంత సన్ననిదో, ఎంత నిదానంగా కనలుతుందో ఆ ఆటవల్ల పిల్లలకు పాఠం చెప్పకుండానే తెలుస్తుంది.

రాయి, ఉక్కు లేకుండా నిప్పు పుట్టించే మార్గం కూడా ఉన్నది. యజ్ఞాలలో వాడే అరణి అటువంటిది. తిరువళ్ళూరు జిల్లా ఉత్తరపు కొసన ఉన్న పులికాట్ సరస్సు ఆవలి ఒడ్డున శ్రీహరికోట దీవి ఉన్నది. ఆ దీవిలోను, నెల్లూరు సీమలోను నివసించే యానాదులు కట్టెల రాపిడితో నిప్పు చేసేవారు. ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి కలిసి సేకరించిన వివరాలతో 1909లో వెలువడిన ఏడు సంపుటాల గ్రంథంలో ఈ పద్ధతి వర్ణన ఉన్నది. రెండు పుల్లలు తీసుకొంటారు. పొట్టి పుల్లలో చిన్న గుంట తొలిచి, దానిని నేలమీద కదలకుండా అదిమి పట్టుకొంటారు. పొడుగు పుల్ల కొసను ఆ గుంటలో నిలిపి, రెండు అరచేతుల నడుమ కవ్వంలాగా వేగంగా తిప్పుతారు. వాడే కలపలలో ఆరె చెట్టు ఒకటి. తమిళంలో దానినే ఆత్తి అంటారు.

తిప్పుతూ ఉంటే గుంటలో పొడి రాలుతుంది. ముందు గోధుమరంగుగా, తరువాత నల్లగా మారుతుంది. పొగ లేస్తుంది. పొగ రాగానే ఆపితే నిప్పు లేదు. వేడి సుమారు 400 డిగ్రీలకు చేరేవరకు చేతులు ఆగరాదు. అప్పుడు ఆ నల్లపొడి కుప్పలో కందిగింజంత ఎరుపు కనిపిస్తుంది. దానిని గుడ్డపీలికమీదనో, నలిపిన ఎండుటాకుల మీదనో పోసి, దోసిట పట్టి మెల్లగా ఊదాలి. గట్టిగా ఊదితే పొడి చెదిరి ఆరిపోతుంది, ఊదకపోతే చల్లారిపోతుంది. ఎంత ఊదాలో చెప్పే పుస్తకం లేదు, చూసి నేర్చుకోవలసినదే. ఆ విద్య తెలిసినవారు తిరిగిన శ్రీహరికోట నుండే 1979 మొదలుకొని ఉపగ్రహ వాహనాలు లేస్తున్నాయి.

ఇంత శ్రమ ఉన్నది గనుకనే నిప్పును పుట్టించడం కంటె కాపాడడమే ఎక్కువగా జరిగేది. అండమాన్ దీవుల ఆదివాసులు నిప్పు పుట్టించరనీ, ఒక దుంగనుండి మరొక దుంగకు అందిస్తూ ఆరకుండా కాపాడుకొంటారనీ పూర్వం వారిని చూసినవారు రాశారు. పల్లెలలో రాత్రి వంట అయిన తరువాత ఇల్లాలు పొయ్యిలో ఒక పిడకను పెట్టి, దానిమీద బూడిద కప్పి పడుకొనేది. తెల్లవారి నివురు తొలగించి ఊదితే నిప్పు సిద్ధం. ఎప్పుడైనా ఆరిపోతే పిడకముక్క పట్టుకొని పొరుగింటికి నిప్పుకు వెళ్ళేవారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడనే సామెత ఈ అలవాటు నుండి పుట్టినదే. ఈ కాపుదలకు అసలు పరీక్ష ఐప్పసి, కార్తీక మాసాల వానలలో వచ్చేది. ఈశాన్య ఋతుపవనాల ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే పిడకలు చెమ్మగిల్లేవి, దూది తేమ పట్టేది, చెకుముకి ఎంత కొట్టినా ఫలితం ఉండేది కాదు. పొరుగింట్లో కూడా పొయ్యి ఆరితే పిల్లలకు గంజి ఉండేది కాదు. అందుకే రవ్వ పట్టే దూదిని ఎండాకాలంలోనే సిద్ధం చేసి, మూత ఉన్న సొరకాయ బుర్రలోనో, వెదురుగొట్టంలోనో దాచి, అటకమీద పొయ్యి సెగ తగిలే చోట పెట్టేవారు.

తిరువళ్ళూరు జిల్లా ఇరుళర్లు వరిపొలాల గట్లలో ఎలుకలను పట్టేటప్పుడు వాడే కుండలో ఈ పాత విద్య ఇంకా కనిపిస్తుంది. కుండ అడుగున చిన్న చిల్లి ఉంటుంది. కుండలో గడ్డి కుక్కి, నిప్పు వేసి, మూతిని కలుగుకు ఆనించి, చిల్లిలోనుండి ఊదుతారు. అక్కడ వారికి కావలసినది మంట కాదు, పొగ. గడ్డి భగ్గున మండితే పని చెడుతుంది. ఊపిరితోనే దానిని కనలే స్థితిలో నిలపాలి. రోజంతా పొగ మింగే ఈ పని ఊపిరితిత్తులకు, కళ్ళకు చాలా చేటు చేస్తుంది.

ఇంగ్లండులోని స్టాక్టన్ ఊరి మందుల వ్యాపారి జాన్ వాకర్ 1827లో గీస్తే మండే పుల్లలను అమ్మడం మొదలుపెట్టాడు. స్వీడన్ దేశస్థుడు గుస్తాఫ్ ఎరిక్ పాష్ 1844లో భాస్వరాన్ని పుల్లనుండి తీసి పెట్టె పక్కకు మార్చే ఉపాయం కనిపెట్టడంతో అగ్గిపెట్టె ప్రమాదం తగ్గింది. 1923లో స్వీడన్‌వారు మనదేశంలో విమ్కో సంస్థను నెలకొల్పారు. దాని అగ్గిపెట్టెల కర్మాగారం ఒకటి మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఉండేది. మెట్రో రైలు ఆగే విమ్కో నగర్‌కు ఆ పేరు అందువల్లనే వచ్చింది. ఆ కాలంలోనే శివకాశిలో ఈ పరిశ్రమ వేళ్ళూనింది. చెకుముకి సంచి గూటికి చేరింది, తరువాత గూటినుండి కూడా మాయమైంది.

అగ్గిపెట్టెను విప్పి చూస్తే పాత సామానంతా అందులోనే ఉన్నది. పక్కనున్న ఎర్రభాస్వరపు గరుకుపట్టీ రాయి చేసే పని చేస్తుంది. పుల్ల తలనున్న మందు రవ్వ పుట్టిస్తుంది. మైనం పీల్చిన పుల్ల మంటను అందుకొంటుంది. ఒక్క తేడా ఉన్నది. పుల్లను ఊది ఆర్పినప్పుడు దాని కొస ఎర్రగా మిగలకుండా, తయారీలోనే కలపను అమోనియం ఫాస్ఫేటు ద్రావణంలో ముంచుతారు. పారవేసిన పుల్ల నిప్పును దాచిపెట్టి ఇంటికి ముప్పు తేకూడదు గదా! ఓట్జి తన సంచిలో ఏ గుణం కోసం పుట్టగొడుగును మోసుకొని తిరిగాడో, ఆ గుణాన్నే అగ్గిపుల్లలోనుండి తీసివేస్తున్నారు.